కాపరి

హైదరాబాద్‌లోని గోపన్‌పల్లి పేరు అన్నప్పుడల్లా నాకు ‘గోప’ వినిపిస్తుంది. ఆవులను కాచేవాడని అర్థం. తెలుగులో ‘కాచు’ నుంచి కాపు, కాపరి పుట్టాయి. చర్చిలో పాస్టరును సంఘకాపరి అంటారు. లాటిన్‌లోనూ పాస్టర్ అంటే మందను మేపేవాడే. యోహాను సువార్త 10వ అధ్యాయంలోని కాపరి మందను వెనక నుంచి అదిలించడు, ముందు నడుస్తాడు. ప్రతి గొర్రెనూ పేరు పెట్టి పిలుస్తాడు.

కాపరి అన్న మాటకు తగిన మనిషి వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తమిళులైన ఆయన 1909లో డోర్నకల్ వచ్చారు, తెలుగు నేర్చుకున్నారు. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయ్యాకా ఎడ్లబండి మీద పల్లెలు తిరిగారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

గోపన్‌పల్లి ఐటీ ఆఫీసుల్లో పదిమందిని నడిపేవారిని ‘లీడ్’ అంటారు. నాకు కాపరే నచ్చుతుంది, తప్పిపోయినదాన్ని వెతకడమూ అతని పనే కాబట్టి.