జడ అల్లిక



నేటి ప్రసంగవిషయము మీకు చిన్నదిగా తోచవచ్చును. రాజులను గూర్చియు కోటలను గూర్చియు వినుటకు అలవాటుపడిన మనకు, ఆడపిల్లల చేతిలోని కొక్కెపు సూదికి చరిత్ర యేమున్నదని యనిపించుట సహజము. మొన్నటివరకు నాకును అట్లే యుండెను.

ఒకనాడు మా మనుమరాలు వసారాలో కూర్చుండి దారముతో జడ అల్లిక నేర్చుకొనుచుండెను. "ఊసుపోకకు మంచి పనియే దొరికినది" అంటిని. ఆ పిల్ల సూదిని నా చేతికిచ్చి, "తాతా, ఒక్క వరుస అల్లి చూడు" అన్నది.

ఈ యల్లికలో సూదిని క్రింది వరుసలోని కుట్టు తలలో దూర్చరాదు. దాని మొదలును చుట్టివచ్చునట్లు దూర్పవలెను. అందుచే ఆ కుట్టు పైకి ఉబ్బి నిలుచును. పిదప రెండు కుట్లను విడిచి, తరువాతి రెంటిని ముందుగా అల్లి, మరల వెనుకకు వచ్చి విడిచిన రెంటిని వానిమీదుగా దాటించి అల్లవలెను. కొన్ని వరుసలకొకసారి యిట్లు దాటించినచో, జడపాయలు పెనవైచుకొన్నట్లు కనబడును. లెక్క యొక్కటి తప్పినను జడ చెడును. నాకు మూడుసార్లు చెడినది. ఛందస్సులో గణములను లెక్కించిన నా వ్రేళ్లు నాలుగు కుట్లను లెక్కింపలేకపోయినవి. నాడు కలిగిన సిగ్గే నన్ను ఈ సూది పూర్వవృత్తాంతము తెలిసికొనునట్లు చేసినది.

క్రోషె యను ఫ్రెంచి పదమునకు చిన్న కొక్కెమని యర్థము. 19వ శతాబ్దమున ఈ యల్లిక ఐరోపాఖండమున వ్యాపించెను. 1845లో ఐర్లండు దేశమున ఆలుగడ్డ పంట తెగులుచే చెడి మహాక్షామము రాగా, క్రైస్తవ సన్న్యాసినులు పేద స్త్రీలకు ఈ విద్యను గరపిరి. లేసు అమ్మి యెన్నో కుటుంబములు ప్రాణములు నిలుపుకొన్నవి.

మన తెలుగునాట ఈ సూది గోదావరి తీరమున అడుగుపెట్టెను. నరసాపురము ప్రాంతమున 1844 నాటికే మిషనరీల మూలమున లేసుపని మొదలైనదని అచ్చటివారు చెప్పుదురు. మొదట క్రైస్తవమతమున చేరిన పేద స్త్రీలు నేర్చిరి. పిమ్మట ఆ విద్య మతకులముల గట్లు దాటి, గడప దాటని కాపు స్త్రీల చేతికిని చేరెను. 20వ శతాబ్దమున ఆ లేసు ఓడలెక్కి దూరదేశములకు పోయెను.

లేసు పోయిన దూరము దానినల్లిన చేతుల కూలి పోలేదు. జర్మనీ దేశపు విదుషి మరియా మీస్ నరసాపురము లేసు స్త్రీలను గూర్చి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. వారు వంటయు బిడ్డల పోషణయు గాక, దినమునకు పెక్కు గంటలు అల్లుచుండిరి. ముట్టినది మాత్రము ప్రభుత్వము నిర్ణయించిన కనీసపు కూలికి ఎంతయో తక్కువ. ఒకతె పువ్వులల్లును, వేరొకతె వానిని అతుకును; ఆ వస్తువు ఏ దేశమున ఏ ధరకు అమ్ముడుపోవునో పెక్కుమందికి తెలియదు. ఇట్లేల జరిగెను? వారిని పనివారనక, ఇంట తీరికగా నుండు గృహిణులనిరి. తీరికవేళ చేయు పనికి కూలి యేల యను మాట దానివెంటనే వచ్చెను.

పెద్దలారా, ఈ దోషము గోదావరి సీమదే యనుకొనకుడు. మనదియు నేతవారి సీమయే. మగ్గముపై పోగులు లెక్కించువానిని పనివాడందుము. ఆ మగ్గము వెనుక కండెలు చుట్టిన ఇల్లాలి శ్రమను ఏ లెక్కలో వ్రాసితిమి? ఆమె చేయి ఆగినచో మగ్గమును ఆగును గదా!

మన వరంగల్లు జంపఖానాలకు 2018లో లభించిన భౌగోళిక గుర్తింపు, నరసాపురము క్రోషె లేసునకు 2024లో లభించినది. సంతోషము. అయినను పేరు ఊరికి వచ్చును. కూలి చేతికి రావలెను. ఆ రెండవది వచ్చుటకు ముందు, అది పని యని మన నోట రావలెను.

మొన్న మా మనుమరాలి జడ అల్లిక శాలువను కొనుటకు ఎరిగినవారొకరు వచ్చి, దారపు వెల యెంత యని యడిగిరి. ఎన్ని దినములు అల్లితివని అడుగలేదు. వారిని నేను తప్పుపట్టలేదు. ఇటీవలివరకు నేనును అట్లే అడిగియుందును. ఈసారి దినములు నేనే చెప్పితిని.

సెలవు.