ఏ దోమ?

ఈగయు దోమయు నొకే వంశమునకు చెందిన కీటకములు. రెండు రెక్కలు మాత్రమే గల ఈ వంశమునకు ద్విపక్షములని పేరు. దోమ మనకు మిక్కిలి పరిచితము. పరిచితమగుటచేతనే కాబోలు, దానిని పరీక్షించి చూడము. కుట్టినది దోమ యందుము. ఏ దోమ యని యడుగము. ఆ ప్రశ్న విలువ యెట్టిదో తెలుపు చరిత్ర మన తెలంగాణమునందే జరిగినది.

పూర్వు లీ ప్రశ్నను బొత్తిగా విడిచినవారు కారు. సుశ్రుతసంహిత కల్పస్థానమున సాముద్రము, పరిమండలము, హస్తిమశకము, కృష్ణము, పార్వతీయము అని మశకములు అయిదు విధములుగా చెప్పబడినవి. దీనినిబట్టి మలేరియా రహస్యము మనవారికి ముందే తెలియునని కొందఱందురు. అది సరికాదు. సుశ్రుతుడు కాటువలని విషమును చెప్పెనే కాని, ఒకని రక్తమునుండి వేఱొకనికి జ్వరమును గొనిపోవు క్రిమిని గూర్చి చెప్పలేదు. అయినను దోమలన్నియు నొకటి కావను మాట యందున్నది. ఆ మాటను మనము పెంచుకొనలేదు.

1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు అల్జీరియాలో మలేరియా రోగి రక్తమునందు క్రిమిని కనుగొనెను. దాని తరువాతి దశ దోమలో గడచునని లండనులో మాన్సన్ ఊహించెను. ఆ యూహను పరీక్షించు పట్టుదలతో సైనికవైద్యుడు రోనాల్డ్ రాస్ 1895లో సికింద్రాబాదునకు వచ్చెను. బూడిదవన్నె దోమలను, చారల దోమలను రోగుల రక్తము త్రాగనిచ్చి, పిమ్మట కోసి చూచెను; ఫలము లేదు. అతడు కీటకశాస్త్రజ్ఞుడు కాడు. జాతులను తెలుపు గ్రంథములు దగ్గఱ లేవు. పేర్లు తానే పెట్టుకొనెను. 1897 ఆగస్టులో రెక్కలపై మచ్చలు గల వేఱొక జాతి చేజిక్కెను. హుసేన్ ఖాన్ అను రోగికి దోమకొక అణా చొప్పున నిచ్చి వానిచే కుట్టించెను. పంకా వేసిన దోమ లెగిరిపోవునని ఉక్కలోనే పనిచేసెను. ఆగస్టు 20వ తేదీన ఒక దోమ కడుపుగోడలో నల్లని రేణువులు గల కణములు కనబడెను. రోగి రక్తమందలి క్రిమిలోను అట్టి రేణువులే యుండును. ఆ మచ్చరెక్కల దోమయే అనాఫిలిస్. మఱుసటి యేడు కలకత్తాలో పక్షుల మలేరియాను మోయునది బూడిదవన్నె దోమ యని అతడే తేల్చెను. 1902లో అతనికి నోబెల్ బహుమానము లభించెను. శ్రమలో లోపము లేకున్నను, జాతి మాఱువఱకు ఫలము చిక్కలేదని గమనింపవలెను.

ఈ భేదము గృహస్థులకును అందుబాటులోనిదే. అనాఫిలిస్ గోడపై వాలినపుడు తల వంచి, వెనుకభాగమును పైకెత్తి యుండును. క్యూలెక్స్ గోడకు సమముగా నుండును. నల్లని మేనిపై తెల్లని చారలతో పగలు కుట్టునది ఈడిస్. క్యూలెక్స్ మురుగున పెరిగి బోదకాలును తెచ్చును. ఈడిస్ ఇంటి తొట్లలో, పాత కుండలలో పెరిగి డెంగీని తెచ్చును. అనాఫిలిస్ చాలవఱకు తేటనీటిని కోరును. కాలువలును మడుగులును బావులును గల మన ఓరుగల్లు సీమలో మురుగు తీసినంతమాత్రమున చలిజ్వరము పోదు. తేటనీరు నిర్దోషమను నమ్మకమే ఇచ్చట శత్రువు.

కథ అంతటితో ముగియలేదు. మన పల్లెలలో మలేరియాకు ముఖ్యకారణమగు అనాఫిలిస్ క్యూలిసిఫేసీస్ ఒకే జాతి యని చిరకాలము తలచిరి. 1980 మొదలు జరిగిన పరిశోధనలచే అది ఎ, బి, సి, డి, ఇ అను అయిదు జాతుల సమూహమని తేలినది. కంటికి భేదము లేదు. క్రోమోసోములపై నుండు పట్టీలే వాని గుట్టు చెప్పినవి. వానిలో బి జాతి మలేరియాను వ్యాపింపజేయుటలో మిక్కిలి దుర్బలము. కావున దోమల సంఖ్యనుబట్టి అపాయమును కొలువరాదు. జాతి తెలియక చల్లిన మందు ధనవ్యయమునకే కాని రోగశాంతికి కాదు.

పోలికను చూచి తృప్తిపడుట సోమరితనము. పోలికలో భేదమును వెదకుట విద్య. మా బడులలో పిల్లలకు జంతువుల పేర్లు వల్లె వేయించుటకు మాఱు, గోడపై వాలిన దోమ యెట్లు నిలిచినదో చూచి చెప్పుమనుట మేలని మా యభిప్రాయము. ఇంట తల్లులును అట్లే యడుగవచ్చును.