రిప్లీ రోడ్డు, కాఫీ గది, మా అమ్మ

వారమంతా కంప్యూటరు ముందు కూర్చుంటే వెన్ను ఏమవుతుందో డాక్టరు బొమ్మ గీసి మరీ చూపించాక, నలభై రెండో ఏట మళ్ళీ సైకిలెక్కాను. మేముండేది లండనుకి నైరుతి దిక్కున, సర్రే కౌంటీలో. ఆదివారం తెల్లవారుజామున, ఇంట్లో ఎవరూ లేవకముందే బయల్దేరి ఇడ్లీల వేళకి తిరిగి రావాలి. మా ఆవిడతో కుదిరిన ఒప్పందం అదీ.

నా దారి దాదాపు ఎప్పుడూ ఒకటే. ఎషర్, కోబమ్ మీదుగా రిప్లీ. అక్కణ్ణుంచి సందు దారిలో ఆకమ్, తర్వాత ఈస్ట్ హార్స్లీ. గ్రీన్ డీన్ లోయ వెంబడి ఎక్కితే రాన్మోర్ మెట్ట, దిగితే డోర్కింగ్ ఊరు, ఆ పక్కనే బాక్స్ హిల్. ఇంగ్లండు పల్లెటూరి నేల మన డెల్టాలా చదునూ కాదు, మన్యంలా కొండలూ కావు. దులిపి పరిచిన దుప్పటి ఇంకా సర్దుకోనట్టు ఎత్తుపల్లాలుగా ఉంటుంది. రెండు నిమిషాలు ఎగశ్వాస, ఒక నిమిషం స్వర్గం, మళ్ళీ ఎగశ్వాస. రోడ్డుకి రెండు పక్కలా ఆళ్ళెత్తు పొదల కంచెలు, వాటి వెనక గొర్రెలు.

మొదట్లో ఇదంతా ఒంటికి మంచిదని తొక్కాను. ఆ రోడ్డుకో చరిత్ర ఉందని తర్వాత తెలిసింది.

లండను నుంచి పోర్ట్స్‌మత్ ఓడరేవుకి వెళ్ళే పాత గుర్రబ్బగ్గీల రోడ్డు ఇది. రైలు వచ్చాక బగ్గీలు పోయాయి, దారి పొడుగునా ఉన్న సత్రాలు ఈగలు తోలుకున్నాయి. వాటికి మళ్ళీ ప్రాణం పోసింది సైకిలు. ముందు చక్రం మనిషంత, వెనకది పళ్ళెమంత ఉండే ఎత్తు సైకిళ్ళ కాలంలోనే, 1878లో, ఇప్పుడు సైక్లింగ్ యూకే పేరుతో నడుస్తున్న సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్ పుట్టింది. 1885లో కావెంట్రీ ఊళ్ళో జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రాలూ ఇంచుమించు ఒకే ఎత్తున, వెనక చక్రానికి గొలుసుతో రోవర్ సైకిలు తెచ్చాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. మన ఊళ్ళలో తిరిగిన సైకిళ్ళన్నీ ఆ రెంటి సంతానమే.

ఇక లండను కుర్రకారుకి పట్టపగ్గాల్లేవు. ఆదివారం వస్తే చాలు, 20 పైచిలుకు మైళ్ళు తొక్కి రిప్లీ చేరడం, అక్కడి యాంకర్ సత్రంలో తిని తిరిగి వెళ్ళడం. ఆ సత్రాన్ని నడిపిన డిబ్లు కుటుంబపు ఆడవాళ్ళంటే సైకిలు వాళ్ళకి ఎంత అభిమానమంటే, వాళ్ళ జ్ఞాపకార్థం ఊరి చర్చిలో ఒక రంగుటద్దాల కిటికీ పెట్టించారు. హెచ్.జి. వెల్స్ 1896లో రాసిన సైకిలు నవలలో కథానాయకుడు ఒక బట్టల కొట్టు గుమాస్తా. అతనూ ఈ రోడ్డు మీదే బయల్దేరతాడు. గుర్రం కొనలేని గుమాస్తాకి ఊరు దాటే స్తోమతనిచ్చింది సైకిలే.

ఇంకో మాట. మంచి రోడ్లు కార్ల వల్ల వచ్చాయని మనం అనుకుంటాం. రోడ్లు బాగుచేయమని ప్రచారం చేసే సంఘాన్ని 1886లో స్థాపించింది సైకిలు సంఘాల వాళ్ళు. అప్పటికి ఇంగ్లండు రోడ్ల మీద మోటారు కార్లే లేవు.

రిప్లీ నుంచి మైలున్నర, రెండు మైళ్ళ దూరంలో ఆకమ్. నా కంప్యూటరు సైన్సు చదువుకి ఇది పుణ్యక్షేత్రంలాంటిది. ఛార్లెస్ బాబేజ్ తలపెట్టిన యంత్రానికి లెక్క ఎలా నేర్పాలో 1843లోనే అచ్చులో వివరించిన ఏడా లవ్‌లేస్ అత్తవారి ఎస్టేటు ఇక్కడే. ఆ కాలంలో ఇంగ్లండులో ఏ విశ్వవిద్యాలయమూ ఆడవాళ్ళని చేర్చుకునేది కాదు. తల్లి పట్టుబట్టి ఇంటికి మాస్టార్లని పిలిపించి లెక్కలు చెప్పించింది. ముప్ఫై ఆరేళ్ళకే, 1852లో, ఏడా కన్నుమూసింది.

ఆ ఊళ్ళోనే హోట్‌బాయ్ అని ఒక హోటలుండేది. ఎర్ర ఇటుకల భవనం ఇప్పటికీ ఉంది, హోటలు మాత్రం లేదు. 1898 అక్టోబరులో లేడీ హార్బర్టన్ అనే ఆవిడ సైకిలు మీద అక్కడికి వచ్చి భోజనం అడిగింది. యాభై దాటిన మనిషి, వైకౌంట్ గారి భార్య, ఆడవాళ్ళ దుస్తులు ఒంటికి వీలుగా ఉండాలని ఏళ్ళ తరబడి వాదిస్తున్నావిడ. ఆ రోజు నేల మీద జీరాడే లంగా కాక, మోకాళ్ళ దగ్గర బిగించిన వదులు పైజామా, పైన కోటు వేసుకుంది. ఆ వేషంతో కాఫీ గదిలోకి రానివ్వనంది హోటలు యజమానురాలు. కావాలంటే బారు పక్క గదిలో, మగవాళ్ళు తాగుతూ పొగ పీలుస్తూ కూర్చునే చోట, తినమంది. లేడీ హార్బర్టన్ ఒప్పుకోలేదు.

సైకిలు క్లబ్బు తమ సభ్యురాలి తరఫున దావా వేసింది. 1899లో కింగ్‌స్టన్‌లో విచారణ జరిగింది. క్లబ్బు ఓడిపోయింది. భోజనం పెట్టననలేదు కదా, ఫలానా గదిలో పెడతానంది, అంతే కదా అన్నది అవతలివాళ్ళ వాదన. జ్యూరీ దానికే మొగ్గింది.

ఇది చదివినప్పుడు నాకు మన పల్లెల్లో టీ బడ్డీల దగ్గరి రెండు గ్లాసుల పద్ధతి గుర్తొచ్చింది. అక్కడా టీ పోయనని అనరు. గ్లాసు వేరు, కూర్చునే చోటు వేరు. ఒక ప్రభువు గారి భార్యకి ఒక పూట జరిగిన అవమానాన్ని, తరతరాలుగా మనవాళ్ళు మనవాళ్ళకి చేసినదానితో తూచకూడదు. ఆ తాసు ఎటు ఒరుగుతుందో అందరికీ తెలుసు. కానీ అడ్డుకునే తీరు మాత్రం ఒకటే. కాదనకుండానే కాదనడం.

కిందటేడు వేసవిలో మా అమ్మ వచ్చి మా దగ్గర ఐదు నెలలుంది. ఒక ఆదివారం నేను చెమటతో ఇంటికొచ్చి, ఇడ్లీ తింటూ ఈ కథంతా చెప్పాను. మా ఆవిడ నవ్వింది. అమ్మ నవ్వలేదు.

"నన్ను కూడా బళ్ళోకి వెళ్ళొద్దని ఎవరూ అన్లేదురా," అంది. "సైకిలెక్కొద్దన్నారు, అంతే."

మా అమ్మది తెనాలి దగ్గర పల్లె. ఊళ్ళో బడి ఏడో తరగతి వరకే. హైస్కూలు నాలుగు మైళ్ళ దూరం, కాలవగట్టు దారి. తాతయ్యకి హెర్క్యులిస్ సైకిలుండేది. బర్మింగ్‌హామ్ పేరది. 1949లో మద్రాసులో పెట్టిన టీఐ సైకిళ్ళ కంపెనీ ఆ పేరుతో ఇక్కడే చేయడం మొదలుపెట్టింది. ఆ సైకిలు మీద కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కడం అమ్మ నేర్చుకుందట, మామయ్య కంటే ముందే. పన్నెండో ఏడు వచ్చాక, పరికిణీలో సైకిలేమిటని నాయనమ్మ మాన్పించింది. మామయ్య అదే సైకిలు మీద హైస్కూలుకి వెళ్ళి, కాలేజీకి వెళ్ళి, బ్యాంకు ఆఫీసరయ్యాడు. అమ్మ ఏడుతో ఆగింది. నలభై ఏళ్ళు దాటి బతికిన నాకు ఈ సంగతి తెలీదు. తనకి చదువు అబ్బలేదని అమ్మ చెప్పిందే నమ్మాను.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమమ్మా?" అన్నాను.

"ఎవరడిగారు?" అంది, నా కంచంలో ఇంకో ఇడ్లీ వేస్తూ.

2012 ఒలింపిక్సులో మగవాళ్ళ సైకిలు పందెం బాక్స్ హిల్ చుట్టూ తొమ్మిది సార్లు తిరిగింది, ఆడవాళ్ళది రెండే సార్లు. వానలో తడుస్తూ ఆ పందెం గెలిచిన మారియానా వాస్ గురించి మా అమ్మాయి నాయనమ్మకి చెప్పింది. అమ్మ ఆ వీడియో రెండుసార్లు పెట్టించుకుని చూసింది.

ఆ తర్వాతి ఆదివారం నేను సైకిలు తీయలేదు. అమ్మని కారులో ఆకమ్ తీసుకెళ్ళాను. ఎర్ర ఇటుకల భవనాన్ని రోడ్డు మీద నిలబడి చాలాసేపు చూసింది. "కాఫీ గది ఏదిరా?" అనడిగింది. నాకు తెలీలేదు. తిరుగు దారిలో రిప్లీలో ఆగాం. టీ కొట్లో నేను మూల బల్ల వైపు నడుస్తుంటే, అమ్మ కిటికీ పక్కన, రోడ్డు కనబడే బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది.