వేగసంస్కారము: కణాదుని నుండి అన్నంభట్టు వరకు



రథోత్సవమున త్రాడు పట్టిన భక్తులందరికిని అనుభవైకవేద్యమైన విషయ మొకటి కలదు. నిలిచియున్న తేరును కదలించుటకు వందలాది చేతుల బలము కావలయును. నేల ఒరిపిడిని, తేరు బరువునకు సహజమైన జడత్వమును రెండింటిని అప్పుడు జయింపవలసియున్నది. కదలిన పిమ్మట అంత శ్రమ ఉండదు. నిలుపవలసినప్పుడు త్రాళ్లు విడిచినంత మాత్రమున తేరు నిలువదు. చక్రముల క్రింద కొయ్యదిమ్మలు వేయవలసివచ్చును. ఈ విషయమును మన దర్శనకారులు ఎట్లు విచారించిరో తెలిసికొనుట ఈ వ్యాసోద్దేశము.

పదార్థ తత్త్వజ్ఞానము నిఃశ్రేయసమునకు సాధనమని వైశేషిక సిద్ధాంతము. అందువలననే కణాద మహర్షి తన సూత్రములలో కర్మను, అనగా చలనమును, ప్రత్యేక పదార్థముగా పరిగణించి, ఐదవ అధ్యాయమున దాని కారణములను పరిశీలించెను. ఆయన తీసికొన్న ఉదాహరణములు మన ఇండ్లలోనివే. రోకలిని పైకెత్తునప్పుడు చేతి చలనమునకు ఆత్మ ప్రయత్నము కారణము. రోకలి చలనమునకు హస్తసంయోగము కారణము. కాని రోలును తాకి రోకలి పైకి ఎగిరినప్పుడు దానితోపాటు చేయియు లేచును. ఆ చలనమునకు ప్రయత్నము కారణము కాదు, అభిఘాతమే కారణము. ఇంత సూక్ష్మముగా ప్రయత్నజన్య చలనమును, అప్రయత్న చలనమును మహర్షి వేరుపరచెను. ఆధారసంయోగము లేనిచో గురుత్వముచే వస్తువు పడుననియు, నోదనవిశేషము లేనిదే అది పైకి గాని, అడ్డముగా గాని పోదనియు తెలిపెను.

బాణ విషయమున ప్రశ్న క్లిష్టమైనది. వింటి నుండి వెలువడిన పిదప దానిని నెట్టువారెవరు? నారి నోదనముచే మొదటి చలనము కలుగును. ఆ చలనము బాణమునందే ఒక సంస్కారమును పుట్టించును. తరువాతి చలనములకు అది హేతువగును. సంస్కారము క్షీణింపగా గురుత్వముచే బాణము పడును. ఇది కణాదుని సమాధానము. క్రీ.శ. 6వ శతాబ్ది ప్రాంతమున ప్రశస్తపాదాచార్యులు పదార్థధర్మసంగ్రహమున ఈ సంస్కారమునకు వేగమని పేరిడి నిర్వచించెను. నిమిత్తవిశేషము వలన కలిగిన కర్మ నుండి వేగము పుట్టుననియు, ఒకే దిక్కునకు సాగు క్రియాపరంపరకు హేతువనియు, స్పర్శగల ద్రవ్యముతో సంయోగము వలన నశించుననియు ఆ నిర్వచన తాత్పర్యము. క్రీ.శ. 991లో శ్రీధరాచార్యులు న్యాయకందలియను వ్యాఖ్యలో ఈ గ్రంథమును వివరించెను.

ఇచ్చట జిజ్ఞాసువులు జాగరూకులై ఉండవలయును. న్యూటను మహాశయుని మూడు గతినియమములను కణాదుడే మూడు సూత్రములలో చెప్పెనని ఇటీవల విస్తృతముగా ప్రచారమగుచున్నది. అందు చూపు సంస్కృత వాక్యములు కణాదసూత్రములు కావు. ప్రశస్తపాదుల ఏకవాక్య నిర్వచనమునే మూడు తునకలు చేసి, ఒక్కొక్క తునకను ఒక్కొక్క నియమముగా చూపుచున్నారు. అందు మూడవ తునకకు, సంయోగముచే వేగము నశించునని మాత్రమే అర్థము. చర్యకు సమానమైన ప్రతిచర్య కలదని కాదు.

భేదము ఇంకను మౌలికమైనది. వైశేషికులకు ప్రతి చలనమునకును కారణము కావలయును; వేగము అట్టి కారణము. 1687లో న్యూటను ప్రకటించిన సిద్ధాంతమున, సరళరేఖలో సమవేగముతో సాగు వస్తువునకు ఆ గతిని నిలుపుటకు వేరు కారణము అక్కరలేదు. గతి మారుటకే అసంతులిత బలము కావలయును. వేగము ఉన్నంతవరకు అది గురుత్వమును నిరోధించునని మనవారి మతము. బాణము విల్లు వీడిన క్షణము నుండియే భూమ్యాకర్షణ పనిచేయుచుండునని ఆధునికుల మతము.

అయినను మన ఆచార్యుల ఘనత తక్కువ కాదు. బాణమును వెనుకనున్న గాలియే నెట్టుచుండునని గ్రీకుదేశపు అరిస్టాటిలు తలచెను. ఆ మతమును ఖండించి, విసరినవాని నుండి వస్తువునకు ఒక శక్తి సంక్రమించునని 6వ శతాబ్దిలో అలెగ్జాండ్రియా పండితుడు ఫిలోపోనసు, 14వ శతాబ్దిలో పారిస్ నగరమున బురిడాను వాదించిరి. కణాద ప్రశస్తపాదుల వేగము ఈ భావనకు సన్నిహితమైనది. సత్యముగా ఉన్న ఈ గౌరవము చాలును. లేనిదానిని ఆరోపించినచో ఉన్నదానిని గూడ లోకము శంకించును.

ఈ శాస్త్రమును బాలురకు సులభము చేసినవాడు మన ఆంధ్రుడే. 17వ శతాబ్దికి చెందిన అన్నంభట్టు తర్కసంగ్రహమును, దానికి దీపికను రచించెను. కాశికి పోయినంత మాత్రమున ఎవడును అన్నంభట్టు కాజాలడను లోకోక్తి ఆయన కీర్తికి నిదర్శనము. నేటికిని పాఠశాలలలో తర్కాధ్యయనమునకు ఆ గ్రంథమే తొలిమెట్టు. అందు సంస్కారము మూడు విధములు: పృథివ్యాది చతుష్టయమునందును మనస్సునందును ఉండు వేగము, అనుభవమున పుట్టి స్మృతికి హేతువై ఆత్మయందుండు భావన, వంచి విడిచిన వస్తువును పూర్వస్థితికి తెచ్చు స్థితిస్థాపకము. పరుగెత్తు బాణమునకును, పూర్వానుభవమును స్మరించు ఆత్మకును ఒకే శబ్దమును వాడుట గమనింపదగినది. కారణము గతించినను కార్యమును నడపుచుండునది సంస్కారము.

వేదాంతులు ఈ దృష్టాంతమునే గ్రహించిరి. జ్ఞానము కలిగిన పిదపను శరీరమేల నిలుచునను ప్రశ్నకు, కుమ్మరి చేయి తీసినను సారె తిరుగుచుండునట్లని సాంఖ్యకారిక చెప్పెను. శ్రీ శంకర భగవత్పాదులు బ్రహ్మసూత్ర భాష్యమున కులాలచక్రమును, గీతాభాష్యమున విడిచిన బాణమును ఉదాహరించి ప్రారబ్ధకర్మను బోధించిరి. ఆరంభమైన వేగము క్షయించువరకు అనుభవింపవలసినదే. అయితే జ్ఞాని క్రొత్తగా సారెను త్రిప్పడు. సాధకుడు యత్నింపవలసినదియు అదియే.

ఇతి శమ్.