మూలప్రతి, శాఖాప్రతులు, చర్చ: ఒక బ్రౌజరు ఇంజను చరిత్ర

తాళపత్రగ్రంథములను పరిష్కరించువారికి రెండు విషయములు వేరువేరుగా తెలియును. ఒక పాఠము లభించుట యొకటి. ఆ పాఠము ఎందులకట్లు మారినదో తెలియుట వేరొకటి. సి. పి. బ్రౌన్ పండితులను నియమించి ప్రతులను పోల్పించిన నాటినుండి మన పరిష్కర్తలు పాఠాంతరములను సేకరించుచునే యున్నారు. కాని లేఖకుడు ఒక పదమును మార్చినపుడు అతని మనస్సున నేమున్నదో చెప్పగల ప్రతి మిక్కిలి యరుదు. ఈ భేదమే మన కాలమున, మన శాఖకు దూరముగా కనబడు మఱియొక రంగమున, ఒక వివాదమునకు కారణమైనది. ఆ రంగము కంప్యూటరు తెరపై పుటలను చూపు బ్రౌజరు ఇంజనులది. అందు కేహెచ్‌టీఎంఎల్ అను ఇంజను 1998 మొదలు 2013 వరకు పొందిన శాఖాభేదములను ఈ వ్యాసమున విచారింతుము. మన లిపి నేడు చదువరి కంటికి చేరు మార్గమున ఈ ఇంజనులు నిలిచియున్నవి గనుక తెలుగుశాఖ పత్రికలో ఈ విచారణకు తావు కలదని మా తలంపు.

ముందుగా బ్రౌజరు, ఇంజను అను రెంటికి భేదము చెప్పవలసియున్నది. చదువరి చూచు కిటికీ, చిరునామా వ్రాయు గడి, వెనుకకు ముందునకు పోవు మీటలు బ్రౌజరునకు చెందినవి. దూరమునుండి వచ్చిన హెచ్‌టీఎంఎల్ సంకేతములను చదివి, ఇది శీర్షిక, ఇది పేరా, ఇది చిత్రము అని గ్రహించి, ఏ పంక్తి ఎచ్చట విరుగవలెనో, ఏ యక్షరము ఎచ్చట కూర్చుండవలెనో లెక్కించి పుటగా దిద్దునది ఇంజను. అచ్చుకూటమున కంపోజిటరు దినమెల్ల చేయు పనిని ఇది రెప్పపాటులో చేయును. ఆ పనికై వ్రాసిన ఆజ్ఞల సముదాయమును సోర్సు కోడు అందురు; ఇచ్చట మేము మూలమని వ్యవహరింతుము. మూలమును ఎల్లరును చదువుటకు, మార్చుటకు, పంచుటకు అనుమతి కలదేని అది ఓపెన్ సోర్సు.

1996 అక్టోబరులో జర్మనీ దేశపు విద్యార్థి మత్తియాస్ ఎట్రిష్ ప్రకటించిన కేడీఈ అను సమష్టికార్యము కేహెచ్‌టీఎంఎల్‌నకు పుట్టినిల్లు. ఆ కాలముననే అమెరికాలో నెట్‌స్కేప్ సంస్థ తన బ్రౌజరు మూలమును 1998 మార్చి 31న లోకమునకు తెరచెను. అయితే ఆ పాత ఇంజను బాగుచేయుటకు వీలులేనంత చిక్కువడినదని ఆ యేడాదియే తేలినది. దానిని విడిచి గెక్కో అను క్రొత్త ఇంజనును నిర్మింపబూనగా మొజిల్లా 1.0 వెలువడుసరికి 2002 జూన్ అయినది. కేడీఈ వారి పని యింతటి యార్భాటము లేక సాగెను. లార్స్ క్నోల్, అంటి కోయివిస్టో మొదలగువారు తమలో దోషములను చర్చించుకొనుచు కేహెచ్‌టీఎంఎల్‌ను తీర్చిరి. పుటలలోని జావాస్క్రిప్టు ఆజ్ఞలను నడపు కేజేఎస్ అను భాగమును హారి పోర్టెన్ వ్రాసెను. 2000 అక్టోబరులో వెలువడిన కేడీఈ 2.0తో కూడ కాంకరర్ అను బ్రౌజరున ఇవి ప్రజలకందినవి.

2001 వేసవిలో ఆపిల్ సంస్థ స్వంత బ్రౌజరు నిర్మింపదలచి డాన్ మెల్టన్, కెన్ కొసియెండలకు ఆ పని యప్పగించెను. వారు గెక్కోను పరిశీలించిరి. దాని పరిమాణమునకు వెనుదీసిరి. తరువాత వచ్చి చేరిన రిచర్డ్ విలియమ్‌సన్ కాంకరర్ మూలమును మాక్ కంప్యూటరుపై నడిపి చూపుటతో వారి మార్గము స్థిరపడినది. 2003 జనవరి 7న సఫారీ బ్రౌజరును ప్రకటించిన దినముననే మెల్టన్ కేడీఈ కార్యకర్తలకు లేఖ వ్రాసి, వారి మూలమును ఎన్నుకొనుటకు దాని పొంకమును, లక్షా నలువదివేల పంక్తులకు లోబడిన పరిమాణమును కారణములుగా చెప్పెను. తాము చేసిన మార్పులనుగూడ అందజేసెను. సుమారు ఏడాదిన్నర కాలము తమ మూలముపై నొక పెద్ద సంస్థ రహస్యముగా పనిచేయుచున్నదని కేడీఈ వారిలో పలువురకు అంతవరకు తెలియదు. మొదట వారు సంతోషించిరి. అది సహజమే.

చిక్కు తరువాత వచ్చినది. కేహెచ్‌టీఎంఎల్‌ను లెస్సర్ జనరల్ పబ్లిక్ లైసెన్సు అను అనుమతిపత్రము క్రింద విడుదల చేసిరి. దానిని మార్చి పంచువాడు మార్చిన మూలమునుగూడ ఇయ్యవలెనని ఆ పత్రము శాసించును. మార్పుల చరిత్రను, వానికి ముందు జరిగిన చర్చను ఇయ్యవలెనని శాసింపదు. ఆపిల్ వారు సఫారీ క్రొత్తకూర్పు వెలువడినప్పుడెల్ల మూలమును ఇచ్చుచుండిరి. అది నెలల తరబడి చేసిన మార్పులన్నియు కలిసిపోయిన పెద్ద మూట. మార్పుల పట్టికలో ఒక దోషసంఖ్య కనబడును. ఆ దోషమెట్టిదో, ఏ పుటలో బయటపడినదో చెప్పు వివరణ సంస్థ లోపలి దోషపుస్తకముననే యుండెను. మాక్ కంప్యూటరునకు మాత్రమే చెందిన ఏర్పాట్లు సామాన్యమైన సవరణలతో పెనవేసికొని యుండెను. ఈ స్థితిలో కేడీఈ కార్యకర్త ఒక పంక్తిని తన ప్రతిలో చేర్చుకొనదలచినచో, ఆ పంక్తి ఏ రోగమునకు మందో మొదట ఊహింపవలెను. సరిగా ఊహింపనిచో ఒకచోట బాగుపడిన పుట మఱియొకచోట చెడును.

ఈ యసంతృప్తి 2005 ఏప్రిల్‌లో బయటపడినది. ఇంజనులు పుటలను నియమానుసారముగా దిద్దుచున్నవా యని పరీక్షించుటకు యాసిడ్2 అను చిత్రపరీక్ష ఆ నెలలో ప్రకటితమైనది. ఆపిల్‌లోని డేవ్ హయట్ నెల ముగియకముందే తన ఇంజను పరీక్షలో నెగ్గినదని చాటెను. ఆ సవరణలు కాంకరర్‌నకు ఎప్పుడు వచ్చునని కేడీఈ వాడుకరులు అడుగసాగిరి. అందుకు జాక్ రూసిన్ అను కేడీఈ కార్యకర్త బహిరంగముగా, కొంత కోపముతోడనే, సమాధానమిచ్చెను. ఆపిల్ అనుమతిపత్రమును మీరలేదని, అది కోరిన కనీసము మాత్రము చేయుచున్నదని, దానిని సహకారమని పిలువవలదని అతని మాటల సారము.

ఈ ఘట్టమును కొందఱు స్వచ్ఛందసేవకులకును ధనికసంస్థకును జరిగిన తగవుగా వర్ణింతురు. ఆ వర్ణన చాలదని మా యభిప్రాయము. మూలము తెరచియే యున్నది. ఎవరును దానిని దాచలేదు. దాగినది చర్చ. ఒక మార్పును ఎవరు ప్రతిపాదించిరి, ఎవరు కాదనిరి, ఏ ప్రత్యామ్నాయమును విడిచిరి అను విషయములు తెలియని మూలము, పీఠికయు పాఠాంతరసూచికయు లేని ముద్రితప్రతి వంటిది. చదువుకొనుటకు చాలును, మఱల పరిష్కరించుటకు చాలదు.

ఆపిల్‌వారును దీనిని గ్రహించిరని తరువాతి చర్య తెలుపుచున్నది. 2005 జూన్ 7న వారు వెబ్‌కిట్ అను పేర తమ శాఖను బహిరంగకార్యముగా మార్చిరి. ప్రతిదినము మారుచుండు మూలమును, దోషపుస్తకమును బయటివారికి తెరచిరి. 2001 ఆగస్టు నుండి జరిగిన మార్పుల వరుసను నేడెవరైనను చూడవచ్చును. వెబ్‌కిట్‌లో స్థిరపడిన సవరణపద్ధతి మా దృష్టిలో ఈ చరిత్రమంతటిలో విలువైనది. మార్పు చేయదలచినవాడు దానిని ముందుగా దోషపుస్తకమున నుంచవలెను; ఏమి మార్చితినో, ఎందులకు మార్చితినో వివరించు టిప్పణము వ్రాయవలెను; ఆ దోషము మఱల తలయెత్తినచో పట్టిచ్చు చిన్న పరీక్షాపుటను జతపరుపవలెను; సమీక్షకుడుగా గుర్తింపబడిన వేరొకరు చదివి సమ్మతింపవలెను. సమీక్షకుడు త్రోసిపుచ్చిన మార్పును, ఏల త్రోసిపుచ్చెనను మాటయు అచ్చటనే నిలిచియుండును. మన పరిశోధనవ్యాసములకు ఇంతటి సమీక్ష ఎన్నింటికి లభించుచున్నదో పాఠకులే యోచింతురుగాక!

చర్చ తెరచినంతమాత్రమున శాఖాభేదము ఆగలేదు. గూగుల్ సంస్థ 2008 సెప్టెంబరులో వెబ్‌కిట్ ఆధారముగా క్రోమ్‌ను వెలువరించెను. పుటలను వేరువేరు ప్రక్రియలుగా విడదీసి, ఒకటి కూలినను తక్కినవి నిలుచునట్లు చేయుటలో క్రోమ్ అనుసరించిన విధానము, 2010లో ఆపిల్ ప్రకటించిన వెబ్‌కిట్2 విధానము పొసగలేదు. రెంటిని ఒకే మూలమున మోయుట ఉభయులకు భారమైనది. 2013 ఏప్రిల్ 3న గూగుల్‌వారు బ్లింక్ అను శాఖను ప్రకటించి, తమకు అక్కఱలేని ఏడు నిర్మాణవ్యవస్థలను, ఏడువేలకు పైగా ఫైళ్లను, అనగా నలువదియైదు లక్షలకు మించిన పంక్తులను తొలగింపగలమని చెప్పిరి. పదేండ్ల క్రిందట మెల్టన్ ప్రశంసించిన ఇంజను మొత్తము లక్షా నలువదివేల పంక్తులని స్మరించినచో ఈ మార్పు తెలియును. వెబ్‌కిట్‌వారును క్రోమ్‌నకు చెందిన భాగములను తమ ప్రతినుండి తీసివేయసాగిరి. 2005 నాటి కటుత్వము ఈ వేర్పాటున కనబడదు. ఇరుపక్షములకు కారణములు ముందే తెలిసియుండుట అందులకు హేతువని మేము భావించుచున్నాము. బ్లింక్‌లో సైతము క్రొత్త లక్షణమును చేర్చదలచినవాడు తన యుద్దేశమును బహిరంగముగా ప్రకటింపవలెను; ప్రజలకు విడుదల చేయుటకు అధికారము గల మువ్వురు సమ్మతింపవలెను.

ఇక మన లిపి సంగతి. 1991 నాటి యూనికోడ్ తొలికూర్పుననే తెలుగు చేరినది. కాని యూనికోడ్ అక్షరములను ఉచ్చారణక్రమమున నిలువచేయునేగాని వాని రూపమును చెప్పదు. ‘స్త్రీ’ అను మాటలో సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, ఈకారపు గుడి అను ఆఱు సంకేతములుండును. అందు చివరి గుడి మొదటి సకారముపై కెక్కవలెను. నడిమి హల్లులు వత్తులై దిగవలెను. ఈ కూర్పు నెఱిగిన భాగము లేనిచో ఎంత గొప్ప ఇంజనైనను తెలుగును చెల్లాచెదరుగా చూపును. ఫైర్‌ఫాక్స్, క్రోమ్‌లలో ఈ పని చేయునది హార్ఫ్‌బజ్ అను బహిరంగమూలము. దాని దోషములు, చర్చలు ఎల్లరకు కనబడును. ఆపిల్ యంత్రములలో వెబ్‌కిట్ ఈ పనికై కోర్‌టెక్స్ట్ అను భాగము నాశ్రయించును. దాని మూలము బహిరంగము కాదు.

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరము ఐఫోనులను కూల్చుచున్నదని పత్రికలు వ్రాసినవి. అది ‘జ్ఞా’. నిజమునకు మనము నిత్యము వ్రాయు ‘జ్ఞానము’ ఏ ఫోనును కూల్చలేదు. ఞకారమునకు, ఆకారపు దీర్ఘమునకు నడుమ కంటికి కనబడని విభాజకసంకేతమొకటి చేరిన వరుస వచ్చినపుడే కోర్‌టెక్స్ట్ తప్పటడుగు వేసెను. దేవనాగరి, వంగలిపులలోను ఇట్టి వరుసలే కొన్ని యదే దోషమును కలిగించినవి. నింద మాత్రము తెలుగుపై పడినది! మూలము కనబడనందున బయటివారు అక్షరములను ఒకదానివెంట నొకటి మార్చి ప్రయోగించి దోషపు హద్దులను కనుగొనవలసివచ్చెను. ఫిబ్రవరి 19న ఆపిల్ సవరణను విడుదల చేసెను. జ్ఞాపకశక్తి విభాగమున కలిగిన దోషమును సరిదిద్దితిమని క్లుప్తముగా తెలిపెను. ఏ పంక్తి మారినదో, లిపిని గూర్చిన ఏ యూహ తప్పినదో తెలిపియుండినచో తెలుగు, వంగ, నాగరలిపుల ఫాంటులను తీర్చువారందఱకు అది యుపయోగపడియుండెడిది.

మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలో ఎడ్జ్ బ్రౌజరును బ్లింక్ శాఖకు మార్చినది. 2024 ఫిబ్రవరిలో వెలువడిన తన ఆఱవ కూర్పునుండి కేడీఈ కేహెచ్‌టీఎంఎల్‌ను తొలగించినది. అయినను దాని యానవాళ్లు మాసిపోలేదు. క్రోమ్ ఒక పుటను కోరునపుడు తన్ను తాను తెలుపుకొను పంక్తిలో మొజిల్లా, ఆపిల్‌వెబ్‌కిట్, ‘కేహెచ్‌టీఎంఎల్, గెక్కో వంటిది’, క్రోమ్, సఫారీ అను పేర్లన్నియు నేటికిని వరుసగా వచ్చును. పరిచయములేని పేరు కనబడినచో పుటలను సరిగా ఇయ్యని స్థలములుండుటచే ప్రతి శాఖయు పూర్వుల పేర్లను తగిలించుకొనుచు వచ్చినది. తాళపత్రపు చివర లేఖకుని పేరువలె, బ్లింక్ మూలమున కొన్ని ఫైళ్ల తలకట్టున 1999 సంవత్సరముతో లార్స్ క్నోల్, అంటి కోయివిస్టోల పేర్లు కూడ కనబడుచున్నవి.