హుక్కా నుంచి క్షిపణి దాకా: గోల్కొండ–భానూరు పరిసరాల్లో పదాతి ఆయుధ పరిణామం

వ్యాససంగ్రహం: సైనికుడు తానే మోసుకుపోగల పేలుడు ఆయుధాల చరిత్రను సాధారణంగా దూరాల పెరుగుదలగా చెబుతారు. ఆయుధం ప్రయోగించినవాడు ఎంతసేపు శత్రువు కంటికి కనబడవలసి వచ్చిందన్నదే ఆ చరిత్రకు సరైన కొలమానమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: హుక్కా, గ్రెనేడ్ లాంచర్, గోల్కొండ, భానూరు, మిలాన్.

ఉపోద్ఘాతం:
అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ తూర్పుగా ప్రవహించి గోల్కొండ ప్రాంతాన్ని చేరుతుంది. అవే కొండలకు ఈశాన్యంగా, 50 కిలోమీటర్ల లోపే, సంగారెడ్డి జిల్లాలోని భానూరు, ఎద్దుమైలారం ఉన్నాయి. పదాతి ఆయుధ చరిత్రలోని తొలి, మలి దశలు రెండూ ఈ కొద్ది మేరలోనే కనిపించడం గమనార్హం.

గోల్కొండ ముట్టడి:
1687లో ఔరంగజేబు సేనలు గోల్కొండను సుమారు ఎనిమిది నెలలు ముట్టడించాయి. కోట రక్షకులు ఫిరంగులతో పాటు బాణాలను, హుక్కాలను ప్రయోగించారని మొగలు చరిత్రకారులు రాశారు. ఇక్కడ బాణమంటే మందు కూరిన రాకెట్టు. ‘బాణసంచా’ అనే మాటలో ఆ అర్థం నేటికీ నిలిచి ఉంది. హుక్కా అంటే భరిణె. మందు నింపి, నిప్పంటించి చేత్తో విసిరే బాంబు. విసిరినవాడికి కోటగోడ చాటు ఉండేది. బయలులో అటువంటి ఆయుధం ముప్పై నలభై మీటర్లకు మించి పోదు.

చేతికీ ఫిరంగికీ నడుమ:
ఆ పరిమితిని దాటడానికి మొదటి ప్రపంచయుద్ధంలో తుపాకి మొనకు గ్రెనేడు అమర్చారు. దాని ఎదురుతన్ను భుజం ఓర్చుకోలేనంత బలమైనది కావడంతో తుపాకి మడమను నేలకు ఆనించి పేల్చేవారు. 1961లో అమెరికా సైన్యం చేపట్టిన ఎం-79 లాంచరు ఈ చిక్కును తీర్చింది. దాని 40 మిల్లీమీటర్ల తూటాలో మందు మొదట ఒక చిన్న గదిలో అధిక పీడనంతో మండుతుంది. ఆ వాయువు సన్నని రంధ్రాల గుండా పెద్ద గదిలోకి వ్యాపించి, తగ్గిన పీడనంతో గుండును నెడుతుంది. అందువల్ల భుజం మీది నుంచే సుమారు 350 మీటర్ల దూరం వరకు పేల్చడం సాధ్యమైంది. సోవియట్ ఆర్‌పీజీ-7 మరో మార్గం పట్టింది. వాయువును వెనుకకు వదిలి ఎదురుతన్నును రద్దు చేసింది. దాని రష్యన్ పేరుకు అర్థం ‘చేతి ట్యాంకు విధ్వంసక గ్రెనేడ్ లాంచర్’. అయితే వెనుకకు చిమ్మే మంట, దుమ్ము పేల్చినవాడి చోటును వెంటనే పట్టిస్తాయి.

భానూరు దశ:
ట్యాంకును మరింత దూరం నుంచి ఛేదించాలన్న అవసరం మార్గనిర్దేశిత క్షిపణికి దారి తీసింది. 1970లో హైదరాబాదులో ఏర్పడిన భారత్ డైనమిక్స్ లిమిటెడ్ తొలుత ఫ్రెంచి పరిజ్ఞానంతో ఎస్ఎస్-11బి1 క్షిపణిని, తర్వాత మిలాన్‌ను, రష్యన్ పరిజ్ఞానంతో కాంకూర్స్‌ను తయారుచేసింది. ఈ తరహా క్షిపణులకు భానూరు కర్మాగారం కేంద్రమైంది. 1984లో ఎద్దుమైలారంలో నెలకొన్న ఆయుధ కర్మాగారం తయారుచేసే ‘శరత్’ పదాతి యుద్ధవాహనం మోసేది కాంకూర్స్ క్షిపణినే.

మిలాన్ సుమారు రెండు కిలోమీటర్లు పోతుంది. కానీ అది సన్నని తీగ ద్వారా ఆదేశాలందుకుంటుంది. క్షిపణి లక్ష్యాన్ని తాకే వరకు, గరిష్ఠ దూరానికి సుమారు 12 సెకన్లపాటు, సైనికుడు గురి చెదరకుండా కదలక ఉండాలి. దూరం యాభై రెట్లు పెరిగినా, హుక్కా విసిరి గోడ చాటుకు తప్పుకొన్న వాడి వెసులుబాటు ఇతడికి లేదు.

2019 సెప్టెంబరు 11న కర్నూలు క్షేత్రంలో రక్షణ పరిశోధన సంస్థ పరీక్షించిన మనిషి మోయగల ట్యాంకు విధ్వంసక క్షిపణి ఈ లోపాన్ని ఉద్దేశించినదే. పరారుణ సాధనంతో లక్ష్యాన్ని గుర్తుపట్టి క్షిపణి తనంతట తానే వెంటాడుతుంది. పేల్చినవాడు వెంటనే చోటు మారవచ్చు.

ముగింపు:
గోల్కొండ రక్షకుడికి గోడ ఇచ్చిన రక్షణను నేటి సైనికుడికి పరిజ్ఞానం ఇవ్వవలసి వస్తున్నది. అనుమతి పత్రంతో తయారుచేసిన ఆయుధానికి దాని పరిమితులు కూడా వారసత్వంగా వస్తాయి. వాటిని సవరించాలంటే రూపకల్పన స్వంతం కావాలి. భానూరులో తయారైన మిలాన్‌కూ కర్నూలులో పరీక్షించిన క్షిపణికీ మధ్య ఉన్న అసలైన భేదం ఇదే.