ఇప్పపువ్వుతో నడువదగిన మోటారు

మహాయుద్ధము ముగిసి, పెట్రోలు కరవు చవిచూచిన ప్రభుత్వములు ప్రత్యామ్నాయములను వెదకుచుండిన 1919వ సంవత్సరమున, మోటారు బండ్లకు ఆల్కహాలు ఇంధనముగా పనికివచ్చునా యని విచారించుటకు సర్ బోవర్టన్ రెడ్‌వుడ్ అధ్యక్షతన లండనులో ఏర్పడిన సంఘము, ఆలుగడ్డలను, మొక్కజొన్నలను, చెరకు మడ్డిని తూచి చూచి, తుదకు మధ్యపరగణాలలోను హైదరాబాదు సంస్థానములోను పెరిగెడు ఇప్పచెట్టునకు తన నివేదికలో గౌరవస్థానము నిచ్చెను. టన్ను ఆలుగడ్డల నుండి ఇరువది గ్యాలన్ల ఆల్కహాలు దిగుటయే గగన మైనచోట, ఎండిన ఇప్పపువ్వు టన్నుకు 90 గ్యాలన్ల నిచ్చునట! అంతేకాదు, జనులు త్రాగు సారాకు కావలసినది పోగా, ఒక్క హైదరాబాదు సంస్థానములోనే ఏటేట 7,00,000 గ్యాలన్ల ప్రూఫ్ స్పిరిట్‌కు చాలిన చెట్లు అప్పటికే కలవని ఆనాటి అంచనా. ప్రూఫ్ స్పిరిట్ అనగా అందులో అసలు ఆల్కహాలు సగమునకు కొంచెము పైమాట మాత్రమే యని ఆబ్కారీవా రెరుగుదురు. అయినను చిన్న లెక్క కాదు.  

ఈ పూవు కథను నేను తొందరగా విడువజాలను. వేసవి తొలినాళ్ళలో తెల్లవారుజామున రాలు ఈ కండగల పూలను, చెట్టు క్రింద ఆకు అలములను ముందుగానే ఊడ్చి కాల్చి శుభ్రము చేసికొన్న స్త్రీలు గంపల కెత్తి, ఎండుద్రాక్షవలె ముడుచుకొనువరకు ఎండబెట్టుదురు. దున్నుట లేదు, నీరు పెట్టుట లేదు, ఎరువు లేదు. పూలు ఏరుకొన్నను మిగిలిన కాయలనుండి నూనె యుండనే యున్నది. ఎండిన పూవులో సగమునకు మించి చక్కెరయే. బెంగుళూరు విజ్ఞాన సంస్థలో గిల్బర్ట్ ఫౌలర్, ఆయన సహచరులు ఈ పూవు రసాయన తత్త్వమును శోధించి 1920లో ప్రకటించిరి. ఇంత జరిగియు ఇప్పపువ్వు మోటారులోనికి పోక సారాబట్టీలోనే ఏల నిలిచిపోయెను? ఇంధనమునకై తీసిన ఆల్కహాలును త్రాగరాకుండ చేదుద్రవ్యములు కలిపి పాడుచేయవలెను. సారాపై వచ్చెడు సుంకమో నాటి ఖజానాకు ఆయువుపట్టు. చౌకగా దొరకు ఇంధనము దొంగచాటుగా గొంతులలోనికి దిగునను భయము విజ్ఞానశాస్త్రము కంటె బలవత్తరమైనదని నా ఊహ. దానివలన అడవిబిడ్డలకు రావలసిన గౌరవప్రదమైన జీవిక యొకటి పోయినది. మిగిలినది ఆబ్కారీ కేసులు.

తరువాతి కథ త్వరగానే చెప్పవచ్చును. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము వెలసి, ఆల్కహాలునకు చెరకు మడ్డి సమకూడినది. 1948లో పెట్రోలులో ఆల్కహాలు కలుపుటకు కేంద్రము చట్టము చేసినది. చవక పెట్రోలు కాలములో ఆ చట్టము నిద్రించి, 2000లో రద్దయినది. చిత్ర మేమనగా మూడేండ్లకే, 2003లో, నూటికి అయిదు వంతుల ఇథనాలు కలుపవలెనను ఆజ్ఞ మరల వచ్చెను. ఆ సంవత్సరమే ఆదిలాబాదు అడవులలోని పవర్‌గూడ గోండు స్త్రీలు, కానుగ చెట్లు పెంచినందులకు, 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు లెక్కన ప్రపంచ బ్యాంకు నుండి 645 డాలర్లు అందుకొనిరి. కానుగనూనె డీజిలుకు బదులు వాడుటవలన తగ్గు పొగకు కట్టిన వెల యది!

నేటి సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాదు రైతునకు పైరునుండి ఇంధనము తీయుట క్రొత్త సంగతి కాదు. ఇక్కడి బెల్లపు గానుగలలో రసము పిండగా మిగిలిన పిప్పి ఎండి, ఆ రసమునే కాచు పొయ్యికి కట్టె యగును. బయటినుండి చెక్క ముక్క కొననక్కరలేదు. కొత్తూరు చక్కెర మిల్లు బాయిలరులలో కాలినదియు పిప్పియే. కాని చెరకు ఏడాది పంట, నీటికి నోరు తెరచిన పంట. ఈ నేలలో అధికభాగము వానను నమ్మినది. పస్తాపూరు కేంద్రముగా దక్కను డెవలప్‌మెంట్ సొసైటీ స్త్రీలు పాత పంటల జాతర జరుపుచు, విత్తనములు కాపాడుచు నిలిపిన జొన్న, కొర్రల సేద్యమే ఈ నేలకు సహజము.

అందుచేతనే, ఇదే జిల్లాలోని పటాన్‌చెరువున, అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థయైన ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు వృద్ధిచేసిన తీపిజొన్న నాకు ఇప్పపువ్వు చెల్లెలివలె తోచును. నాలుగు నెలల పంట. కంకి తిండికి, కాండపు రసము ఇథనాలునకు, పిప్పి పశువులకు. 2007లో సంగారెడ్డి సమీపమున మహమ్మద్‌షాపూరులో రోజుకు 40,000 లీటర్ల రుస్ని డిస్టిలరీ దీనికొరకే లేచినది. కాని కోసిన కాండమును ఒక దినము దాటకుండ పిండనిచో చక్కెర క్షీణించును. దూరపు పల్లెలనుండి బండ్లు సకాలమున రావు. ఆ లోటు తీర్చుటకు ఇబ్రహీంబాదులో ఊరిలోనే రసము పిండి పాకము కాచు కేంద్రమును పెట్టిరి. అదియు బాగే, కాని చమురు కంపెనీలు నాడు లీటరుకు ఇచ్చు 21 రూపాయల 50 పైసల ధర, చక్కెర మిల్లులో మిగులుగా వచ్చు మడ్డికి సరిపోయినంతగా, పొలమునుండి కొనితేవలసిన కాండమునకు సరిపోలేదు. ఆ ప్రయత్నము నిలువలేదు.

నేడు పెట్రోలులో నూటికి ఇరువది వంతుల ఇథనాలు కలియుచున్నది. అందులో చెరకు, బియ్యము, మొక్కజొన్నలదే అగ్రభాగము. 2018 జాతీయ జీవ ఇంధన విధానములో తీపిజొన్న పేరున్నది గాని, జహీరాబాదు చేలలో దాని జాడ లేదు. మెట్టరైతుల కాండమునకు ప్రత్యేక ధర నిర్ణయించి, పిండు కేంద్రములను మండలమునకు ఒకటి చొప్పున పెట్టనిచో ఈ పంటను కాగితముపై మెచ్చుకొనుట వృథా. పెట్టినను, చొప్పపై మొదటి హక్కు మిల్లుది కాక పశువులది కావలెను.